అరగ్రాము కార్జంలో సీసం జాడ

కోడిమాంసంలో సీసం కిలోకు 0.1 మిల్లీగ్రాము మించకూడదన్నది అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన ప్రమాణం. ఐరోపా యూనియన్ పెట్టుకున్న హద్దు కూడా అదే. చదవడానికి మామూలు అంకెలా ఉంటుంది కానీ, పది కిలోల మాంసంలో ఒక్క మిల్లీగ్రాము అంటే కోటి పాళ్లలో ఒక పాలు. పరీక్షశాల పది కిలోలు తీసుకోదు, అరగ్రాము తీసుకుంటుంది. సరిగ్గా హద్దు మీద ఉన్న మాంసమైతే ఆ అరగ్రాములో ఉండే సీసం 50 నానోగ్రాములు, అంటే గ్రాములో రెండు కోట్ల వంతు. బల్ల మీది దుమ్ములోనూ, సరిగా కడగని గాజు సీసా గోడలోనూ అంత సీసం ఉండొచ్చు. కోడి ఒంట్లోది ఎంత, గదిలోంచి వచ్చి చేరింది ఎంత అని విడదీసి చెప్పాలి. కోడిమాంసంలో భారలోహాల గురించి మనం వినే ప్రతి వార్త వెనుకా ఈ పని ఉంటుంది. చేసేవాళ్ల పేర్లు ఎక్కడా రావు. ఆ పని ఎలా సాగుతుందో అంచెలంచెలుగా చూస్తే ఏ వార్తకు భయపడాలో, దేనికి అక్కర్లేదో కూడా తెలిసివస్తుంది.

ముందు కోడి సంగతి. లోహం దాని ఒంట్లోకి ఎక్కువగా నోటి గుండానే వెళ్తుంది. మేతలో మొక్కజొన్న, సోయా చెక్క పెద్ద పాళ్లు. సీసమూ కాడ్మియమూ దూరే దారులు మాత్రం తరచుగా చిన్న పాళ్లలో ఉంటాయి: డీసీపీ అని పిలిచే డైకాల్షియం ఫాస్ఫేట్, సున్నపురాయి పొడి, మినరల్ మిక్చర్. ఫాస్ఫేట్ రాయిలో కాడ్మియం సహజంగానే ఉంటుంది, ఏ గని నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి ఎక్కువో తక్కువో. జింకు ఖనిజాన్నీ కాడ్మియం అంటిపెట్టుకుని ఉంటుంది. కోడి ఎదుగుదలకు జింకు కావాలి కనుక మేతలో జింక్ సల్ఫేట్ కలుపుతారు, దాన్ని సరిగా శుద్ధి చేయకపోతే కాడ్మియమూ దానితోపాటే దిగుతుంది.

పెరట్లో తిరిగే నాటుకోడిది వేరే దారి. కోడికి పళ్లుండవు, గింజను నలిపే పని కందనకాయది. అందుకు దానికి రాళ్లు కావాలి కనుక నేల మీద చిన్నగా, గట్టిగా కనబడినదాన్ని మింగుతుంది. పాత గోడ నుంచి రాలిన రంగు పెచ్చయినా, సోల్డర్ ముక్కయినా దానికి ఒకటే. కందనకాయ గట్టి కండరం ఆ ముక్కను రాళ్లతో కలిపి రోజుల తరబడి రుబ్బుతుంది, జీర్ణరసాల పులుపు తగులుతూ సీసం కొద్దికొద్దిగా కరిగి పేగులోకి దిగుతుంది. నాటుకోడి అంటే శుద్ధమైనదన్న నమ్మకం మనకు గట్టిగా ఉంది. అది తిరిగిన నేల మంచిదైతేనే ఆ నమ్మకం నిలుస్తుంది. న్యూయార్క్ నగరంలోని సామూహిక తోటల్లో పెంచిన కోళ్ల గుడ్లను పరీక్షించినప్పుడు, మట్టిలో సీసం ఎక్కువున్న చోట గుడ్లలోనూ ఎక్కువ కనబడింది. హైదరాబాద్‌ కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం సహా పలు లోహాలు పేరుకున్నాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఎప్పుడో నమోదు చేశారు. అలాంటి నేల మీద గింజలేరుకున్న కోడిని, పరీక్ష చేయకుండా, ఫారం కోడి కన్నా మంచిదని నేను అనను.

మింగిన లోహంలో చాలా భాగం రెట్టతో బయటికి పోతుంది. పేగు గోడ దాటి రక్తంలో కలిసినదాన్ని ఒళ్లు ఎక్కడ దాస్తుందన్నది చూడదగ్గ విషయం. సీసం కాల్షియం నడిచే బాటనే పట్టి ఎముకలో చేరుతుంది. గుడ్లు పెట్టే కోడికి కాలి ఎముకల లోపలి బోలులో మెత్తటి అదనపు ఎముక పెరుగుతుంది. ఒక్కో గుడ్డు పెంకుకు దాదాపు రెండు గ్రాముల కాల్షియం కావాలి. పెంకు తయారయ్యేది ఎక్కువగా రాత్రివేళ, మేత లేని సమయంలో. ఆ లోటును ఈ లోపలి ఎముక కరిగి పూడుస్తుంది, మర్నాడు మేతతో మళ్లీ కట్టుకుంటుంది. రోజూ కరిగి రోజూ కట్టుకునే ఈ ఏర్పాటులో సీసం కూడా ఎముకలోకి పోతూ వస్తూ ఉంటుంది, కొంత గుడ్డులోని పచ్చసొనకు చేరుతుంది.

కాడ్మియం సంగతి వేరు. దాన్ని పట్టి ఉంచే ప్రొటీన్ పేరు మెటలోథయోనిన్. 1957లో మార్గోషెస్, వాలీ అనే శాస్త్రవేత్తలు గుర్రం మూత్రపిండంలో దీన్ని కనుగొన్నారు. అరవై పైచిలుకు అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, అందులో 20 సిస్టీన్లు. ప్రతి సిస్టీన్‌కూ ఒక గంధకపు కొన ఉంటుంది. ఆ కొనలన్నీ లోపలికి తిరిగి లోహపు అయాన్లను చుట్టూ బిగిస్తాయి, ఒక్క అణువులో ఏడు అయాన్ల దాకా ఇముడుతాయి. నిజానికి ఇది జింకునూ రాగినీ సర్దుబాటు చేయడానికి పుట్టిన ఏర్పాటు. కాడ్మియం వస్తే దాన్నీ పట్టేసి, మిగతా కణానికి హాని జరగకుండా ఆపుతుంది. ఆ రక్షణకు మూల్యం కూడా ఉంది: పట్టుకున్నదాన్ని తేలిగ్గా వదలదు. అందుకే కాడ్మియం కార్జంలోనూ, అంతకు మించి మూత్రపిండంలోనూ పేరుకుంటుంది. మనిషి మూత్రపిండంలో చేరిన కాడ్మియం సగానికి తగ్గడానికి 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది.

ఈ లెక్కన కోడి వయసు ముఖ్యమవుతుంది. బ్రాయిలర్ ఆరు వారాలకే అమ్మకానికి వస్తుంది, పేరుకోవడానికి దానికి వ్యవధి తక్కువ. లేయర్ కోడిని గుడ్ల పని అయిపోయాక, 72 వారాలు దాటాక అమ్ముతారు. అవయవాల్లో లోహాలు చేరడానికి దానికి పన్నెండు రెట్ల సమయం దొరికింది. ఇంకో చిన్న సంగతి చాలామంది గమనించరు. కోడి మూత్రపిండాలు కడుపు సంచిలో విడిగా వేలాడవు. వెన్నెముకకు అటూ ఇటూ, తుంటి ఎముకల గుంటల్లో అతుక్కుని ఉంటాయి. పేగులూ కార్జమూ తీసేసినా అవి అక్కడే మిగులుతాయి. కూర ముక్కల్లో వీపు ముక్కను తిప్పి చూస్తే ఎముక గాడిలో ముదురు ఎరుపు రంగులో, మెత్తగా, స్పాంజిలా కనబడేవి అవే. బొటనవేలి గోటితో గీకితే ఊడి వచ్చేస్తాయి.

ఇక పరీక్షశాల. ఇక్కడ మొదటి జాగ్రత్త కత్తి దగ్గరే. స్టెయిన్‌లెస్ స్టీలు కత్తి క్రోమియం, నికెల్ వదులుతుంది కాబట్టి సిరామిక్ కత్తో, టైటానియం కత్తో వాడతారు. చేతికి పొడి చల్లని తొడుగులు వేసుకుంటారు, తొడుగుల పొడిలో జింకు ఉండొచ్చని. పాత్రలు గాజువి కావు, టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్‌వి. వాటిని పలచని నైట్రిక్ యాసిడ్‌లో రాత్రంతా నానబెట్టి, అయాన్లేవీ మిగలకుండా శుద్ధిచేసిన నీటితో కడుగుతారు.

ఆ యాసిడ్ తయారీలోనే ఎంతో నేర్పు ఉంది. మామూలు నైట్రిక్ యాసిడ్‌లోనూ లోహాల జాడలుంటాయి. మరిగించి ఆవిరి పడితే శుద్ధి అవుతుందిగా అనుకుంటాం. మరిగేటప్పుడు బుడగ పగిలి సన్నటి తుంపర లేస్తుంది, ఆ తుంపరతో మలినమూ ఆవిరి వెంట వెళ్లిపోతుంది. అందుకని మరిగే దశ రాకుండా, పైనుంచి పరారుణ దీపంతో ద్రవం ఉపరితలాన్ని మాత్రమే వేడి చేస్తారు. బుడగ లేదు, తుంపర లేదు. నిశ్శబ్దంగా లేచిన ఆవిరి చల్లటి క్వార్ట్జ్ కడ్డీని తాకి చుక్కగా మారి, కడ్డీ కొన నుంచి సీసాలోకి జారుతుంది. లీటరు యాసిడ్ రావడానికి చాలాసేపు పడుతుంది. తొందరపడితే దక్కని శుభ్రత అది.

నలిపి ఏకరీతిగా చేసిన కార్జం నుంచి అరగ్రాము తూచి టెఫ్లాన్ పాత్రలో వేస్తారు. దాని మీద యాసిడ్, కొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్. మూత బిగించి మైక్రోవేవ్ యంత్రంలో పెడతారు. తెరిచిన గిన్నెలో నైట్రిక్ యాసిడ్ 120 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది, ఆ వేడికి కొవ్వు పూర్తిగా విచ్ఛిన్నం కాదు. మూసిన పాత్రలో ఒత్తిడి పెరగడంతో 180, 200 డిగ్రీల దాకా తీసుకెళ్లొచ్చు. అక్కడ కొవ్వు కూడా లొంగుతుంది. మూత ఉండటం వల్ల ఇంకో మేలు: పాదరసం, ఆర్సెనిక్ లాంటి తేలిగ్గా ఆవిరయ్యేవి బయటికి పోవు. చల్లారాక మూత తీస్తే గోధుమరంగు పొగ లేస్తుంది. కింద మిగిలేది లేత పసుపు ఛాయ నీరు. కార్జంలోని ప్రొటీన్, కొవ్వు, రక్తం అన్నీ నీరుగా, వాయువుగా మారిపోయాయి. లోహాలు మాత్రం కరిగి ఆ నీటిలో ఉన్నాయి. దాన్ని 50 మిల్లీలీటర్లకు పలచన చేస్తారు. హద్దు మీద ఉన్న మాంసమైతే ఇప్పుడు మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము సీసం, అంటే వందకోట్లలో ఒక పాలు.

ఈ నీటిని చదివే యంత్రమే ఐసీపీ-ఎంఎస్. అమెరికాలో అయోవా రాష్ట్రంలోని ఏమ్స్ ప్రయోగశాలలో హౌక్, ఫాసెల్, వారి సహచరులు దీని మూల రూపాన్ని 1980లో ప్రకటించారు. మూడేళ్లకే అమ్మకానికి వచ్చింది. ముందు వైపు మంట, వెనుక వైపు శూన్యం. ఈ రెంటినీ ఒక్క యంత్రంలో కలపడమే అందులోని అసలు సాహసం.

ద్రవం సన్నటి గొట్టం గుండా నెబ్యులైజర్‌కు వస్తుంది. ఉబ్బసం రోగికి మందును పొగమంచులా చేసే పరికరానికి ఇది దగ్గరి బంధువే, ఇక్కడ ఊదే వాయువు ఆర్గాన్. వచ్చిన మంచులో పెద్ద చుక్కలు పక్కనున్న గదిలో గోడకు కొట్టుకుని కిందికి జారి వృథాగా పోతాయి. వందలో ఒకటో రెండో పాళ్లు, అతి సన్నటి తుంపర మాత్రమే ముందుకు వెళ్తుంది. ఇంత వృథా ఎందుకు అనిపిస్తుంది. పెద్ద చుక్క మంటలో పూర్తిగా ఆరదు, మంటను వణికిస్తుంది. నిలకడ కోసం యంత్రం ఎక్కువ భాగాన్ని ఇష్టపడి వదులుకుంటుంది.

మంట అని తేలిక కోసం అన్నాను, అది ప్లాస్మా. ఒకదానిలో ఒకటిగా మూడు క్వార్ట్జ్ గొట్టాలు. బయటి గొట్టంలో నిమిషానికి దాదాపు 15 లీటర్ల ఆర్గాన్ సుడి తిరుగుతూ పోతుంది. గొట్టం కొస చుట్టూ రాగి తీగ చుట్ట, అందులో సెకనుకు 2.7 కోట్ల సార్లు అటూ ఇటూ ఊగే విద్యుత్తు. ఒక చిన్న నిప్పురవ్వ కొన్ని ఎలక్ట్రాన్లను విడదీస్తుంది. తీగ చుట్ట సృష్టించే క్షేత్రం వాటిని ఊపుతుంది, అవి పక్కనున్న ఆర్గాన్‌ను ఢీకొని ఇంకొన్నింటిని విడదీస్తాయి. క్షణంలో తెల్లటి ప్లాస్మా నిలబడుతుంది. దాని వేడి 6,000 నుంచి 10,000 కెల్విన్ల దాకా. సూర్యుడి ఉపరితలం 5,800 దగ్గర ఉంటుంది. అంత వేడి క్వార్ట్జ్‌ను కరిగించకపోవడానికి కారణం బయట సుడి తిరిగే ఆర్గాన్ పొరే. అన్నిటికన్నా లోపలి గొట్టం నుంచి వచ్చే తుంపర ప్లాస్మా నడిబొడ్డున దూరుతుంది. కొన్ని మిల్లీసెకన్లలో నీరు ఆవిరై, అణువులు చీలి, దాదాపు ప్రతి సీసం పరమాణువూ ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని అయాన్‌గా మారుతుంది.

ఆ అయాన్లు ఇప్పుడు శూన్యంలోకి వెళ్లాలి. దారిలో రెండు లోహపు శంకువులున్నాయి. మొదటిదాని ముక్కున మిల్లీమీటరు పాటి రంధ్రం, రెండోదానికి ఇంకా చిన్నది. వాటిని నికెల్‌తోనో ప్లాటినంతోనో చేస్తారు. ఒక పక్క వేల డిగ్రీల ప్లాస్మా, ఇంకో పక్క పంపులు గాలిని తోడేసిన గది, మధ్యలో ఈ పలచని లోహం. ఎముక ముక్కలు పడిన నమూనా అయితే కాల్షియం ఆ రంధ్రం చుట్టూ పేరుకుంటుంది. అనుభవమున్న సాంకేతిక నిపుణులు శంకువును తీసి, భూతద్దం కింద రంధ్రం అంచు గుండ్రంగా ఉందో అరిగిందో చూసి, మెల్లగా తుడిచి పెడతారు. దాని తర్వాత అయాన్ల దారి ఒక వంపు తిరుగుతుంది. విద్యుదావేశం ఉన్నవి వంపు తీసుకోగలవు. కాంతికీ, ఆవేశం లేని కణాలకూ వంపు చేతకాదు, నేరుగా పోయి గోడకు తగులుతాయి.

ఆర్సెనిక్‌ దగ్గరకొచ్చేసరికి ఒక చిక్కు ఎదురవుతుంది. నాకు ఈ యంత్రంలో అన్నిటికన్నా నచ్చేది ఆ చిక్కు విప్పిన తీరే. యంత్రం అయాన్లను బరువును బట్టి గుర్తుపడుతుంది. ఆర్సెనిక్ బరువు 75, వేరే బరువుతో అది ప్రకృతిలో దొరకదు. ప్లాస్మా నిండా ఉన్నది ఆర్గాన్, బరువు 40. మాంసంలో ఉప్పు ఉంటుంది, అంటే క్లోరిన్, బరువు 35. రెండూ జతకడితే 75. మాంసంలోని కాల్షియం కూడా 40 బరువుతో క్లోరిన్‌తో చేరి అదే 75 అవుతుంది. ఆర్సెనిక్ లేని కోడిమాంసంలో కూడా యంత్రం ఆర్సెనిక్ ఉందని చెప్పేస్తుంది. దీనికి విరుగుడుగా అయాన్ల దారిలో ఒక గది కట్టి అందులో హీలియం నింపారు. జతకట్టిన అయాన్ పరిమాణంలో పెద్దది, హీలియం పరమాణువులకు ఎక్కువ సార్లు తగులుతుంది, తగిలిన ప్రతిసారీ శక్తి పోగొట్టుకుంటుంది. ఒంటరి ఆర్సెనిక్ చిన్నది, తక్కువ తగులుతుంది. గది చివర కొద్దిపాటి వోల్టేజీతో ఒక గట్టు కడతారు. అలసిన జంట గట్టెక్కలేదు, ఆర్సెనిక్ ఎక్కుతుంది. బరువు ఒకటే అయిన రెంటిని ఒళ్లు చూసి విడదీశారన్నమాట.

తర్వాత క్వాడ్రుపోల్. నాలుగు సమాంతర కడ్డీలు, అతి ఖచ్చితంగా అమర్చినవి. దీని వెనుక ఆలోచన జర్మన్ భౌతిక శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ పౌల్‌ది, అయాన్లను బంధించే పద్ధతికి ఆయనకు 1989లో నోబెల్ పంచుకునే గౌరవం దక్కింది. ఎదురెదురు కడ్డీలకు స్థిరమైన వోల్టేజీనీ, వేగంగా ఊగే వోల్టేజీనీ కలిపి ఇస్తారు. ఒకానొక నిష్పత్తి దగ్గర ఒకే బరువు గల అయాన్ మాత్రం నడుమ ఊగిసలాడుతూ చివరిదాకా వెళ్తుంది, తక్కినవి ఊపు పెరిగి కడ్డీలకు తగిలి ఆగిపోతాయి. వోల్టేజీ మారిస్తే మరో బరువుకు దారి తెరుచుకుంటుంది. ఆ మార్పు ఎంత వేగమంటే ఒక్క నిమిషంలో అన్ని లోహాలనూ ఎన్నోసార్లు తిప్పి చూడొచ్చు. చివరన డిటెక్టర్. ఒక్క అయాన్ తగిలితే కొన్ని ఎలక్ట్రాన్లు లేస్తాయి, అవి తర్వాతి గోడను తాకి మరిన్నింటిని లేపుతాయి, అలా లక్షల ఎలక్ట్రాన్ల కెరటంగా మారి ఒక లెక్క నమోదవుతుంది. ఇక్కడ కొలిచేది అయాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడమే.

సీసం దగ్గర ఇంకో సూక్ష్మం ఉంది. సీసానికి 206, 207, 208 బరువుల రూపాలున్నాయి, వాటి నిష్పత్తి గనికీ గనికీ మారుతుంది. ఒక్క 208నే లెక్కపెడితే సీసం ఎక్కడిదన్నదాన్ని బట్టి ఫలితం కొంత తప్పుతుంది. అందుకే మూడింటినీ కూడతారు. ఆ నిష్పత్తినే విడిగా చూస్తే, ఆ సీసం మట్టిదో రంగుదో పాత పెట్రోలుదో ఊహించే ఆధారం దొరుకుతుంది.

యంత్రం ఇచ్చిన అంకెను ఈ పనివాళ్లు అలాగే నమ్మరు. ప్రతి నమూనాలోనూ మాంసంలో ఉండని రోడియం, బిస్మత్ లాంటివి తెలిసిన మోతాదులో కలుపుతారు. మధ్యాహ్నానికి యంత్రం మందగించి రోడియం లెక్క పదోవంతు తగ్గితే, సీసం లెక్కనూ ఆ మేరకు సవరిస్తారు. కార్జం లేకుండా యాసిడ్ ఒక్కటే వేసిన పాత్రను కూడా మొదటినుంచి చివరిదాకా నడిపిస్తారు. అందులో కనబడిన సీసం గదిదీ యాసిడ్‌దీ. చివరిగా, లోహాల మోతాదు ముందే ధ్రువీకరించిన పొడిని తెలియని నమూనాలా కరిగించి కొలుస్తారు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 1577 అనే నంబరుతో ఇచ్చే పశువుల కాలేయపు పొడి, కెనడా వాళ్లు ఇచ్చే డోల్ట్ అనే చిన్న సొరచేప కాలేయపు పొడి అలాంటివి. సీసా మీద రాసిన అంకె రాకపోతే ఆ రోజు కొలిచిన కోళ్ల ఫలితాలన్నీ పక్కన పెట్టాల్సిందే. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర భాభా అణు పరిశోధన కేంద్రానికి (బార్క్) చెందిన ఎన్‌సీసీసీఎం అనే కేంద్రం పదార్థాల్లోని అతిసూక్ష్మ లోహాలను కొలిచే పని చేస్తుంది. మన ఊళ్లోనే ఇంత నిశితమైన పని జరుగుతోందని ఎక్కువమందికి తెలియాలని నా కోరిక.

ఈ పద్ధతితో తేలేది మొత్తం ఆర్సెనిక్. అది ఏ రసాయన రూపంలో ఉందన్నది వేరే ప్రశ్న, ఆరోగ్యానికి అసలు ప్రశ్న కూడా అదే. అకర్బన ఆర్సెనిక్ చర్మం, ఊపిరితిత్తులు, మూత్రాశయం క్యాన్సర్లకు కారణం. సేంద్రియ రూపాల్లో కొన్ని అంత ప్రమాదం కావు. అమెరికాలో 1944 నుంచి కోళ్ల మేతలో రాక్సార్సోన్ అనే సేంద్రియ ఆర్సెనిక్ మందు వాడుకలో ఉండేది. కాక్సిడియోసిస్ రోగాన్ని ఆపడానికి, బరువు పెరగడానికి, మాంసం గులాబీ ఛాయలో ఉండటానికి. అది సేంద్రియ రూపంలోనే లోనికి పోయి అలాగే బయటికి వస్తుందని చాలాకాలం అనుకున్నారు. దాన్ని తేల్చాలంటే కార్జాన్ని యాసిడ్‌లో కరిగించకూడదు, కరిగిస్తే రూపాలన్నీ ఒకటైపోతాయి. మెల్లగా, రూపం చెడకుండా పిండి, ఆ రసాన్ని రెజిన్ నింపిన సన్నటి గొట్టం గుండా నడపాలి. ఒక్కో రూపం రెజిన్‌ను ఒక్కో గట్టితనంతో పట్టుకుంటుంది కనుక ఒకదాని తర్వాత ఒకటి బయటికి వస్తాయి. వచ్చిన క్రమంలో ఐసీపీ-ఎంఎస్ వాటిని లెక్కపెడుతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు అతి తక్కువ మోతాదునూ పట్టగల పద్ధతిని తయారుచేసి 100 బ్రాయిలర్లతో అధ్యయనం చేశారు. మందు తిన్న కోళ్ల కార్జాల్లో అకర్బన ఆర్సెనిక్ తినని వాటికన్నా ఎక్కువుందని తేలింది. మోతాదు తక్కువే. అయినా తప్పించుకోగలిగిన క్యాన్సర్ కారకం అది. 2011 జూన్‌లో ఫైజర్ అనుబంధ సంస్థ ఆల్ఫార్మా రాక్సార్సోన్ అమ్మకం నిలిపేస్తున్నట్టు ప్రకటించింది. ఆ జాతి మందుల్లో చివరిదైన నైటార్సోన్ కూడా 2015 చివరికల్లా వెళ్లిపోయింది. అరవై ఏళ్లకు పైబడిన అలవాటును ఒక సన్నటి గొట్టంలో విడివడిన రూపాల వరుస మార్చింది.

అంకె వచ్చాక దాన్ని చదవడానికీ జాగ్రత్త కావాలి. కొన్ని అధ్యయనాలు ఎండబెట్టిన మాంసం బరువు మీద లెక్క చెబుతాయి. పచ్చి మాంసంలో ముప్పాతిక వంతు నీరు కాబట్టి ఎండు బరువు మీద అంకె దాదాపు నాలుగు రెట్లు కనబడుతుంది. హద్దులన్నీ పచ్చి బరువు మీదివి. ఈ తేడా చూడకుండా హద్దుకు మూడు రెట్లు అని రాసిన వార్త, నిజానికి హద్దు లోపలి మాంసం గురించే కావొచ్చు. లోహం కనబడిందన్నంత మాత్రాన జబ్బుకు అదే కారణమనీ కాదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛతో పడిపోయినప్పుడు మొదట వినబడినవి రక్తంలో సీసం, నికెల్ పేర్లు. తర్వాతి నిపుణుల నివేదికలు పురుగుమందుల వైపు చూపాయి.

కాడ్మియం లెక్క వేసి చూద్దాం. మనిషి బరువు కిలోకు నెలకు 25 మైక్రోగ్రాముల దాకా సహించొచ్చని అంతర్జాతీయ నిపుణుల సంఘం జెక్ఫా 2010లో నిర్ణయించింది. 60 కిలోల మనిషికి నెలకు 1,500. కార్జానికి ఐరోపా హద్దు కిలోకు 0.5 మిల్లీగ్రాము, మాంసానికి 0.05. హద్దు మీదే ఉన్న కార్జం వారానికి వంద గ్రాముల చొప్పున తింటే నెలకు 200 మైక్రోగ్రాములు. రోజూ వంద గ్రాముల మాంసం తింటే 150. పెద్దవాళ్లకు అది చిన్న వాటానే, రోజూ తినే అన్నం వాటా దీన్ని మించొచ్చు. అదే 15 కిలోల పిల్లవాడికి నెల హద్దు 375. వారానికి యాభై గ్రాముల కార్జం పెడితే నాలుగో వంతుకు పైగా దానితోనే పోతుంది. రక్తహీనతకు మంచిదని కార్జం పెట్టడం తప్పు కాదు, అందులో ఇనుము నిజంగానే ఉంది. లేత కోడిదై, రోజూ కాకుండా ఉంటే చాలు.

సీసానికి ఇలాంటి లెక్క లేదు. అదే ఏడాది జెక్ఫా సీసానికి అంతకుముందు ఇచ్చిన సహన పరిమితిని వెనక్కి తీసుకుంది. ఇంతవరకు ఫర్వాలేదు అనదగ్గ మోతాదు దొరకలేదు, పిల్లల తెలివితేటల మీద ప్రభావం అతి తక్కువ దగ్గరా కనబడుతూనే ఉంది. అన్ని ఆహారాలూ కలిపి పిల్లలకు రోజుకు 2.2 మైక్రోగ్రాములు, గర్భం దాల్చే వయసు స్త్రీలకు 8.8 అని ఎఫ్‌డీఏ పోల్చి చూసుకునే గుర్తు పెట్టుకుంది. కిలోకు 0.1 మిల్లీగ్రాము హద్దు మీదున్న మాంసం పాతిక గ్రాములు తిన్నా పిల్లవాడు ఆ గుర్తు దాటుతాడు. కాబట్టి ఆ హద్దును ఆరోగ్యానికి హామీగా చదవకూడదు. శ్రద్ధగా పెంచితే అందుకోగలిగిన మేర ఎంతో అది చెబుతుంది. మంచి కోడి దానికి చాలా కింద ఉండాలి.

వండితే లోహం పోదు. కొంత ముక్క నుంచి పులుసులోకి జరుగుతుందంతే. 2013లో బ్రిటన్ పరిశోధకులు సేంద్రియ పద్ధతిలో పెంచిన కోడిని ఉడికించి కొలిస్తే, ఉత్త నీటిలో లీటరుకు 0.89 మైక్రోగ్రాముల సీసం ఉండగా బొక్కల రసంలో 7, చర్మం, మృదులాస్థి ఉడికిన రసంలో 9.5 కనబడింది. చిన్న అధ్యయనమే అయినా, బొక్కల రసంలో ఎక్కువ కనబడటం ఎముక సీసాన్ని దాస్తుందన్న విషయంతో పొసుగుతుంది. వంటింటి వాటా కూడా మరవకూడదు. లెడ్ క్రోమేట్‌తో రంగు తెచ్చిన కల్తీ పసుపు, సీసం కలిసిన తగరంతో కళాయి పూసిన గిన్నెలో ఉడికే చింతపండు పులుసు, ఒక్క పూటలో కోడి తెచ్చినదానికన్నా ఎక్కువ సీసం కూరలో కలపగలవు.

ఈ కొలత ఎక్కువ మేలు చేసేది కోడి దగ్గర కాదు, మేత మిల్లు గేటు దగ్గర. టన్ను బ్రాయిలర్ మేతలో డీసీపీ పదిహేను, ఇరవై కిలోలు. పది టన్నుల డీసీపీ లారీ ఒకటి కనీసం ఐదువందల టన్నుల మేతలోకి, ఆ మేత దాదాపు లక్షన్నర కోళ్లలోకి వెళ్తుంది. డీసీపీలో కొవ్వు లేదు, యాసిడ్‌లో సులువుగా కరుగుతుంది. కాల్షియం మాత్రం విపరీతం కాబట్టి శంకువులు మూసుకుపోకుండా ఇంకా పలచన చేయాలి, పోల్చే ద్రావణాల్లోనూ అంతే కాల్షియం కలపాలి. ఇదంతా ఒక్క షిఫ్టులో అయిపోయే పని. కాడ్మియం ఎక్కువని తేలితే బస్తాలు దించకముందే లారీని వెనక్కి పంపేయొచ్చు.